మూలగది దొర

కంటోన్మెంట్‌లో ఆ పాత బంగ్లా పేరెత్తితే ఆటోవాళ్ళు ఇప్పటికీ మొహం చిట్లిస్తారు. పొద్దు మునిగితే గేటు దాకా రారు, మలుపులోనే దిగమంటారు.

దాన్ని పడగొట్టడానికి కదిరి నుంచి వచ్చిన కూలోళ్ళలో పిల్లమ్మ ఒకతె. నాలుగు నెలల బిడ్డతల్లి. కాంపౌండులోనే రేకుల షెడ్డులో కాపురం. వాచ్‌మన్ కృష్ణప్ప మొదటిరోజే చెప్పినాడు—

"మూలగదిలోకి పోవద్దమ్మా. బ్రిటిషు కాలంలో ఇక్కడి దొర మారెమ్మ అని మన తెలుగామెను ఉంచుకున్నాడంట. లండన్ నుంచి పెళ్ళాం వస్తా ఉందని తెలిసి, నాలుగు దినాలు దాక్కోమని ఆ గదిలో పెట్టి బీగం వేసినాడంట. మళ్ళీ తీసింది ఎవరూ చూళ్ళేదు."

పిల్లమ్మ నవ్వేసింది. పగలంతా ఇటుకలు మోసేదానికి దెయ్యాల గురించి ఆలోచించే తీరికెక్కడిది?

ఆ రాత్రి వాన దంచి కొట్టింది. మొగుడు ఊరి చివర హూడిలో స్లాబ్ పనికి పోయినాడు. షెడ్డు కారి బిడ్డ పక్క తడిసిపోయింది. మేస్త్రీ పెట్టించిన పొడి గోనెపట్టాలు మూలగదిలో ఉన్నాయి. రెండు నిమిషాల్లో వచ్చేద్దామని చీకట్లోనే పరిగెత్తింది.

పట్టాలు చంకన పెట్టుకుని వెనక్కి తిరిగితే... తలుపు మూసుకుని ఉంది.

తోసింది. గుద్దింది. కదల్లేదు. షెడ్డులో బిడ్డ లేచి గుక్కపట్టి ఏడుస్తా ఉంది.

అప్పుడు... తలుపవతల ఇంకెవరో ఏడ్చినారు. మగ గొంతు.

"మారీ... నన్ను మన్నించు మారీ..."

తెల్లోడి నోట తెలుగు! అదీ మన పెనుకొండ ఆడోళ్ళ యాస. ఆ మారెమ్మ పక్కన పడుకుని నేర్చుకున్నట్టుండాడు.

పిల్లమ్మ తలుపుకు మొహం ఆనించింది. "మన్నించినా సామీ... తలుపు తియ్యి. బిడ్డ ఏడుస్తా ఉంది."

"నువ్వు లేకుండా ఉండలేను మారీ. పాపం చేసినా."

"చేస్తే చేసినావులే, ముందు తియ్యి!"

తాళంచెవి బీగంలో దూరింది... సగం తిరిగింది... ఆగింది.

"తీస్తే... నువ్వు పోతావు."

ఒళ్ళు మండి భయం గూడా మరిచిపోయింది. "నీ ఏడుపు నాకెందుకురా దొంగనాయాలా! తియ్యరా!"

రాత్రంతా తిట్టింది. రాత్రంతా వాడు మన్నించమంటానే ఉన్నాడు. కన్నీళ్ళకేం తక్కువలేదు దొరకు, తలుపు మాత్రం తియ్యలేదు. బిడ్డ గొంతు సన్నబడి... ఆగిపోయింది. అయ్యో, ఆ తల్లి ప్రాణం ఎట్టా కొట్టుకుందో నేను చెప్పలేను.

తెల్లారి కృష్ణప్ప బిడ్డను భుజానేసుకుని వచ్చినాడు. బిడ్డ వేలు చీకుతా ఉంది.

"ఇక్కడేం చేస్తా ఉండావమ్మా? బయటికి రా."

"తలుపు తియ్యప్పా..."

"ఏం తలుపు? టేకు తలుపులన్నీ మీరు రాకముందే ఊడదీసి బళేపేటలో అమ్మడానికి పంపించేసినారు. బార్లా తెరిచే ఉండాది కదమ్మా!"

పిల్లమ్మ చూసింది. తలుపు చౌకట్టు గూడా లేదు. ఒక్క ఉదుటున బయటపడి బిడ్డను రొమ్ముకు అదుముకుంది.

బిడ్డ ఇంకా పాలందుకోనేలేదు... వెనక, ఖాళీ గదిలోంచి, ఎవరో దబదబా తలుపు గుద్దినారు. కృష్ణప్ప తల దించుకున్నాడు.

ఆడ గొంతు. "దొరా... మరి నాకెప్పుడు తలుపు తీస్తావు?"