డాక్టరమ్మ ల్యాబ్ పార్ట్‌నర్

"ఈ గాజు సామానంతా ఎవరు కడుగుతారు? మీ మెడికల్ కాలేజీ వాళ్ళొచ్చి కడుగుతారా?"

కెమిస్ట్రీ ల్యాబ్‌లో అందరూ వినేలా అన్నాడు ఆమె ల్యాబ్ పార్ట్‌నర్. ఆమె బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. కోచింగ్‌లో పరీక్ష ఉంది. బస్సు తప్పితే అంతే సంగతులు.

బీఎస్సీ మొదటి ఏడాదిలో ఆమెను అందరూ డాక్టరమ్మ అనేవారు. నిరుడు మెడికల్ ఎంట్రన్స్‌లో సీటు రాలేదు. ఇంట్లో ఊరికే కూర్చోవద్దని అన్నయ్య డిగ్రీలో చేర్పించాడు. పొద్దున కాలేజీ, సాయంత్రం కోచింగ్. కోచింగ్‌లో అందరూ తనకన్నా చిన్నవాళ్ళు. అక్కా అని పిలిచి దూరంగా కూర్చునేవారు. కాలేజీలోనేమో, ఎలాగూ వెళ్ళిపోయే మనిషే కదా అని ఎవరూ దగ్గరకు వచ్చేవారు కాదు.

మధ్యాహ్నం మెట్ల కింద ఒక్కతే కూర్చుని, ఫిజిక్స్ లెక్కలు చూస్తూ తినేది. ఏం తిన్నదో ఆమెకే తెలిసేది కాదు. ఇంటికెళ్ళి వదినతో మాట్లాడబోతే ఒక్కోరోజు గొంతు పెగిలేది కాదు. పొద్దుటి నుంచీ నోరే విప్పలేదని అప్పుడు గుర్తొచ్చేది.

మర్నాడు అతను వచ్చేసరికి గాజు సామాను తళతళలాడుతోంది.

"ఎవరు కడిగారివి?"

"మెడికల్ కాలేజీ వాళ్ళొచ్చి కడిగారండి."

అతనికి నవ్వాగలేదు. "నిన్న నేనలా అనాల్సింది కాదు, సారీ."

"మీరన్నది నిజమేగా. పనంతా మీ మీద పడేసి పోతున్నాను."

"ఈ మీరు, అండీ ఏంటి? నేనేమన్నా లెక్చరర్‌నా?"

"నువ్వు అంటే మాట్లాడటం అలవాటైపోతుంది. నాకంత టైం లేదు."

సరదాగానే మొదలుపెట్టింది. చివరి మాట మాత్రం సరదాగా రాలేదు.

ఆ రోజు నుంచి మెట్ల కింద రెండు టిఫిన్ బాక్సులు. అతను ప్రశ్నలడిగేవాడు. ఆమె తప్పు చెబితే ఆమె బాక్సులోంచి ఒక ముద్ద తినేసేవాడు.

"ఇలాగైతే నేను ఆకలితో పోతాను."

"అయితే ఆర్గానిక్ సరిగ్గా చదువు."

వాన పడితే బస్టాపు దాకా ఒకటే గొడుగు. అతను మరీ పొడుగు కావడంతో గొడుగు ఎక్కడో పైన ఉండేది. ఇద్దరూ శుభ్రంగా తడిసేవారు.

ఆమె పరీక్ష రాసింది. ఈసారీ సీటు కొద్దిలో తప్పిపోయింది.

ఫోన్ ఆపేసింది. కాలేజీ తెరిచినా వెళ్ళలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. అన్నయ్య పల్లెత్తు మాట అనలేదు. అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఒక ఆదివారం వదిన తలుపు తట్టింది. "ఎవరో అబ్బాయి వచ్చాడు. గుమ్మం తలకి కొట్టుకుంది, పాపం. డాక్టరువి కాకపోయినా వచ్చి చూడు."

హాల్లో అతను నుదురు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

"ఓదార్చడానికి వచ్చావా?" అందామె.

"కాదు. ఒకటి చెప్పాలి." అతను నేలచూపులు చూశాడు. "సీటొస్తే వెళ్ళిపోతావని, రాకపోతే బాగుండునని ఒక రోజు అనుకున్నాను. రిజల్ట్ చూశాక నా మీద నాకే అసహ్యం వేసింది. నువ్వంటే ఇష్టం. కానీ ఇలా జరగాలని కాదు."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"మళ్ళీ రాస్తాను," అంది ఆమె. "డిగ్రీ కూడా వదలను. ఈసారి సీటొస్తే ఎంత దూరమైనా వెళ్తాను."

"వెళ్ళు. సెలవులొస్తే నేనే బస్సెక్కుతాను."

"నేనూ ఒకటనుకున్నాను. అక్కడ మెడికల్ కాలేజీలో నాతో కూర్చుని తినేవాళ్ళు ఎవరుంటారని. పరీక్ష రాస్తూనే అనుకున్నాను."

"అందుకేనా తప్పులు చేశావు?"

"అంత లేదు. అవి ఫిజిక్స్ తప్పులు."

నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. రిజల్ట్ వచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు. అతను ఏం చెయ్యాలో తోచక పక్కన కూర్చున్నాడు, అంతే.

ఆ అలికిడికి అన్నయ్య నిద్రలేచి వచ్చాడు. "ఎవరమ్మా ఈ అబ్బాయి?"

"నా ఫ్రెండ్, అన్నయ్యా."

"ప్రస్తుతానికి," అంది వదిన వంటింట్లోంచి.

అన్నయ్య చెల్లెలి తడి కళ్ళకేసి, వాటిలోని నవ్వుకేసి చూశాడు. తర్వాత వంటింటి వైపు తిరిగి, "అయితే ఇంకో కప్పు కాఫీ పెట్టు," అన్నాడు.