గుమ్మడి టేకు కోసం పోయిన మంగీలాల్

అశ్వారావుపేట దాటి అడవి దిక్కు పోతుంటే, పామాయిల్ తోటలు అయిపోయే చోట ఒక రేకుల షెడ్డు ఉంటుంది. ఒకప్పుడది కట్టె కోత మిషను. ఇప్పుడు కరెంటూ లేదు, మిషనూ లేదు. అయినా చీకటి పడ్డాక లోపల చప్పుడవుతుందని ఆ చుట్టుపక్కల ఎవరినడిగినా చెప్తారు. టక్... టక్... అని, ఎవరో చెక్కల్ని వేలి కణుపుతో కొట్టి చూస్తున్నట్టు.

మొద్దు దొర్లి మీదపడి చచ్చిపోయిన కోత మేస్త్రి ఇంకా పని దిగలేదంటారు. ఆ దారిన బండి మీద పోయేవాళ్లు అక్కడ హారన్ కొట్టరు. వెనక్కి తిరిగి చూడరు.

మంగీలాల్ ఇదంతా విననివాడు కాదు. విని కూడా పోయాడు.

ఖమ్మంలో నాటకాల వాళ్లకి సెట్టింగులు కట్టేది అతనే. రాజమహలైనా, పూరిగుడిసైనా, చెక్కతో చట్రాలు బిగించి, గుడ్డ లాగి కట్టి, రంగు పూసి నిలబెడతాడు. పోయినేడు ఒక నాటకానికి మేడ మీద బాల్కనీ కావాలన్నారు. మంచి కట్టె తెమ్మని మంగీలాల్ మొత్తుకుంటే, "రెండు గంటల ఆటకి మంచి కట్టె ఎందుకయ్యా" అని నాటకం కమిటీ వాళ్లు పచ్చి నీలగిరి వాసాలు తెచ్చి పడేశారు. అవి ఆరుతూ ఆరుతూ మెలి తిరిగాయి. ఆట మధ్యలో కీళ్లు విడిచాయి. మనోజ్ఞ అనే అమ్మాయి బాల్కనీతో సహా కిందపడింది. మంచం దిగడానికే నెలలు పట్టింది ఆ పిల్లకి.

కట్టె సంగతి ఎవరూ ఎత్తలేదు. మంగీలాల్‌కి పని రాదన్నారు.

ఇప్పుడు మళ్లీ అదే నాటకం. హైదరాబాద్‌లో ఆడాలి. మనోజ్ఞే ఫోన్ చేసింది.

"మంగీలాలన్నా, నేను మళ్ల మేడెక్కుత. కానీ నువ్వు కట్టిందైతేనే ఎక్కుత."

ఆ మాట విన్న దగ్గర్నుంచి అతనికి కంటి మీద కునుకు లేదు. ఖమ్మంలో ఉన్న కట్టె అడితీలన్నీ తిరిగాడు. ఒకచోట పచ్చి కట్టె, ఇంకోచోట అంతా ముడులు, మరోచోట పురుగు తొలిచింది. చివరికి తల్లాడలో ఆ పాత షెడ్డు యజమానిని పట్టుకున్నాడు. మిషను మూసినప్పుడు కోసి పెట్టిన గుమ్మడి టేకు చెక్కలు లోపలే ఉండిపోయాయట. గుమ్మడి టేకు మోయడానికి తేలిక, ఆరాక మెలి తిరగదు, మేకు దించితే చీలదు. సెట్టింగులవాడికి అంతకన్నా ఏం కావాలి?

"ఎన్నంటే అన్ని ఏరుకో," అన్నాడు యజమాని. "కానీ పొద్దుండంగనే బయటపడు. తర్వాత నన్ననొద్దు."

సత్తుపల్లి దగ్గర అతను తోలుకొస్తున్న ట్రాలీ ఆటో టైరు పంచరైంది. షెడ్డు చేరేసరికి చీకటి ముసిరింది.

చివరి తోట గేటు దగ్గర కావలివాడు అడ్డమొచ్చాడు. సన్నటి మనిషి, కళ్లదాకా మంకీ క్యాపు.

"ఏడికన్నా?"

"షెడ్డుకు. కట్టె తీస్కపోను."

"ఇప్పుడా? వద్దు... లోపట మంచిగ లేదు."

"నువ్వు చూసినవా?"

కావలివాడు తల దించుకున్నాడు. "నేను అటు మొకాన పోను," అని గొణిగి పక్కకి తప్పుకున్నాడు.

షెడ్డు తలుపు తోస్తే రేకు కీచుమంది. ఫోను లైటు వేశాడు. చెక్కలు... మనిషెత్తు దొంతరలు. పైన దుమ్ము, కింద బంగారు రంగు. మంగీలాల్ భయం మర్చిపోయాడు. ఒక చెక్క లాగి, అలవాటు కొద్దీ వేలితో కొట్టాడు — టక్.

దొంతర వెనక నుంచి జవాబొచ్చింది.

టక్.

లైటు అటు తిప్పాడు. ఎలుకేమో... రేకేమో... ఇంకో చెక్క ముట్టుకున్నాడు. కొట్టలేదు.

"అది వద్దు..."

గుసగుస. ఆడగొంతు.

"...లోపల పుచ్చింది."

చెక్క చేతిలోంచి జారి నేల మీద పడింది. పడ్డచోటే విరిగింది. లోపలంతా పిండి... పురుగు తిన్న పిండి.

లైటు కిందికి వాలింది. దొంతరల సందులో, నేల మీద రెండు పాదాలు. పగుళ్లిచ్చిన మడమలు తనవైపు తిరిగి ఉన్నాయి. ముందుండాల్సిన వేళ్లు వెనక... దెయ్యాల కాళ్లు ఇట్లాగే ఉంటాయని చిన్నప్పుడు వాళ్లమ్మ చెప్పింది.

"యాడీ..." అన్నాడు, తల్లిని తలుచుకుని.

ఆ పాదాలు మెల్లగా ఇటు తిరిగాయి.

"లైటు మొకాన కొట్టకయ్యా," అంది ఆమె. "కండ్లకు అలవాటు లేదు."

మనిషే! నెరిసిన జుట్టు, మాసిపోయిన చీర. అటు తిరిగి నిలబడ్డ మామూలు మనిషి. మంగీలాల్ కూలబడిపోయాడు. ఆమే చెంబుతో నీళ్లు తెచ్చింది. ఇవ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"వద్దులే... నా చేతి నీళ్లు."

మంగీలాల్ చెంబు లాక్కుని గటగటా తాగేశాడు. ఆమె అతను తాగినంతసేపూ చూస్తూ నిలబడింది.

ఆమె పేరు విశ్రాంతమ్మ. మొద్దు కింద చచ్చిపోయిన మేస్త్రి ఆమె మొగుడే. ఆయన పోయాక ఊళ్లో జ్వరాలొచ్చాయి, ఇద్దరు పసిపిల్లలు పోయారు. మొగుణ్ణి మింగిందే పిల్లల్ని మింగిందన్నారు. చేతబడి అన్నారు. కర్రలు పట్టుకుని ఇంటి మీదికొచ్చిన రాత్రి, తమ్ముడు ఆమెను ఈ షెడ్డులో దాచాడు.

"ఊరు సల్లబడ్డంక వచ్చి తీస్కపోతనన్నడు. హైదరాబాద్ల బిల్డింగ్ పనికి పోయిండు. వస్తడు."

"మరి ఆ చప్పుడు?"

"పోరగాండ్లు కట్టెలకొస్తే గిట్ల కొడ్త. ఉరుకుతరు." ఆమె నవ్వబోయింది. "దెయ్యమంటే ఎవ్వలు కొట్టరయ్యా. మనిషినైతేనే కొడ్తరు."

"తిండి?"

"వెనక అడవిల ఏదో ఒకటి దొరుకుతది. ఎవరో వారానికోపాలి గోడ మీద బియ్యం పెట్టిపోతరు, దెయ్యానికని."

ఏ చెక్క మంచిదో, ఏది పుచ్చిందో ఆమే వేరు చేసి ఇచ్చింది. మొగుడి పక్కన నిలబడి చెక్కలందించిన చేతులు. మంగీలాల్ బండి నింపాడు. ఆమె మాత్రం గుమ్మం దాటలేదు.

"బండెక్కు అక్కా. ఖమ్మంల మా ఇంటికాడ ఉందువు."

"వద్దయ్యా. నేను పోయినంక మా తమ్ముడొస్తే? ఏమైపోయిన్నో అని ఎంత ఏడుస్తడు!" గుమ్మం లోపల్నుంచే అంది. "నువ్వు హైదరాబాద్ పోతే జర వెతుకు. తోమాసు ఆని పేరు. ఎడమ చెవి కాడ కాలిన మచ్చుంటది. మంచిగనే ఉన్న అని చెప్పు. ఈడ ఎవ్వలకి చెప్పకు."

నాటకం హైదరాబాద్‌లో ఆడారు. మనోజ్ఞ మేడెక్కింది. కింద తెర చాటున మంగీలాల్ చట్రం మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. చెక్క కిర్రుమనలేదు. ఆ పిల్ల దిగొచ్చి అతని చేతులు పట్టుకుని ఏడ్చింది.

తర్వాత అతను అందరితో పాటు ఖమ్మం బస్సెక్కలేదు. కట్టే బిల్డింగులన్నీ తిరిగాడు. కూలీలు నిలబడే అడ్డాల మీద అడిగాడు. ఆదివారం చర్చీల బయట నిలబడి ఎడమ చెవులు చూశాడు. అశ్వారావుపేట దిక్కు తోమాసు... ఎవరూ ఎరగరు.

దొరకలేదని చెప్పడానికి మళ్లీ బండి మీద ఆ షెడ్డుకి పోయాడు, ఒక దుప్పటి, కొత్త చీర తీసుకుని. తోట గేటు చేరేసరికి పొద్దు వాలుతోంది. అదే కావలివాడు, అదే మంకీ క్యాపు.

"మళ్ల వచ్చినవా అన్నా?" అని, చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "ఆ రోజు లోపట... కనపడ్డదా?"

ఎవరికీ చెప్పొద్దంది కదా. "కనపడ్డది," అన్నాడు మంగీలాల్. "దెయ్యమే."

కావలివాడు గేటు ఊచ పట్టుకున్నాడు.

"...బక్కగయ్యిందా?"

దెయ్యం గురించి అడిగే మాట కాదది. అంతలో తోట సూపర్‌వైజర్ మోటారుసైకిలు మీద వచ్చి, ఆగకుండానే కేకేసి పోయాడు —

"తోమాసూ! గేటెయ్యవేంది ఇంకా?"

మంగీలాల్ బండి దిగాడు. ఒక్క ఊపున ఆ క్యాపు లాగేశాడు. ఎడమ చెవి కింద నల్లగా, ముడతలు పడి... కాలిన మచ్చ.

"నీ కోసం హైదరాబాదంతా తిరిగిన," అన్నాడు. "రెండు వందల గజాలు లేదురా ఆమె ఉన్నది! పోయి తెచ్చుకోరాదు?"

తోమాసు ఏడవలేదు. క్యాపు అందుకుని మళ్లీ కళ్లదాకా లాక్కున్నాడు.

"బియ్యం పెడ్తనే ఉన్న గదన్నా," అన్నాడు. "ఇంట్ల చంటిపిల్ల ఉన్నది... దానికేమన్న అయితే?"