ఊ కొట్టినవాడు

ప్రొద్దుటూరులో మే నెల మధ్యాహ్నం. ఎండకు భయపడి వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. ఇంట్లో యూనుస్, పక్కగదిలో కునుకు తీస్తున్న వాళ్ల నాయన అమీర్ బాషా, అంతే. అమ్మ పులివెందులలో పెళ్లికి పోయింది.

యూనుస్ యూనివర్సిటీలో ఇంగ్లీషు ఎం.ఏ. చదువుతున్నాడు. సాహిత్యం పేపర్లు చాలవన్నట్టు సొంతంగా కథ రాసే పేపరు కూడా ఒకటి తగిలించారు మహానుభావులు. మీ ఊళ్లో జరిగిందే రాయమన్నాడు ప్రొఫెసరు. రేపటికి కథ పూర్తి కాకపోతే ఏడాది గల్లంతే.

రాయడానికి రహమాన్ హత్య ఉంది. రహమాన్ నాయనకు ప్రాణస్నేహితుడు. ఎనిమిదేళ్ల కిందట, నాయన తోలే శనక్కాయల ఎద్దులబండిలో వస్తుంటే జమ్మలమడుగు దారిలో ఎవరో నరికేశారు. నాయన తప్పించుకుని వచ్చి, ఆ సంగతి ఊరంతా చెప్పి ఏడ్చాడు.

యూనుస్ ముందు తెలుగులో పైకి చెప్పుకుంటాడు, తర్వాత ఇంగ్లీషులో పెడతాడు. చిన్నప్పుడు అవ్వకు కథలు చెప్పిన అలవాటు కొద్దీ, ఎవరో ఊ కొట్టాలన్నట్టు వాక్యానికొకసారి ఆగుతాడు.

"రహమాన్ బండెక్కినాడు."

"ఊఁ."

నాయన లేచాడనుకున్నాడు. కానీ పక్కగదిలోంచి గురక వినిపిస్తూనే ఉంది. గదిలో తడిమట్టి వాసన, దాని కింద నెత్తురు నీచు...

"నలుగురు దారికి అడ్డం వచ్చినారు."

ఉలుకూ పలుకూ లేదు.

"ముగ్గురు..."

"ఊఁ."

నిజమైన మాటకే ఊ పడుతోందని యూనుస్‌కు అర్థమైంది. అయినా ఆపలేదు. కథ ఇంత బాగా ఎన్నడూ సాగలేదు మరి, రాసేవాడి ఆశ అలాంటిది!

"ఎద్దులు బెదిరి ఆగినాయి."

ఉలుకూ పలుకూ లేదు.

"బండి... మా నాయన ఆపినాడు."

"ఊఁ." ఈసారి చెవి పక్కనే.

"రహమాన్ రెక్కలు విరిచి పట్టుకునింది... మా నాయన."

"ఊఁ."

"మొదటి వేటు భుజం మీద. రెండోది మెడ మీద..."

"ఊఁ... ఊఁ..."

యూనుస్ కాగితాలు చించేశాడు. చేతులు జోడించాడు. "అయిపాయ రహమాన్ మామా! కథ అయిపాయ! మా నాయన్ను ఏం చేయొద్దు!"

"ఇంగా కాలేదప్పా," అంది గుసగుస. "ఆ పైన నేను చెప్తా. నువ్వు ఊ కొట్టు."

ఊ కొడితే నాయన బతకడు. ఆ సంగతి యూనుస్‌కు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకున్నాడు.

"మీ నాయన పండుకోనుండాడు. నేను దగ్గరికి పోతాండా. భుజం మీద ఒకటి..."

వేళ్ల సందుల్లోంచి, తన గొంతులోంచే వచ్చింది... "ఊఁ."

పక్కగదిలో ఎముక పగిలిన చప్పుడు. నాయన కేక.

"మెడ మీద ఒకటి..."

"ఊఁ."

కేక సగంలో తెగిపోయింది.

యూనుస్ పరుగెత్తాడు. మంచం కింద నెత్తురు మడుగు కట్టింది. గోడ మీద దూలం దాకా చిమ్మింది. నాయన కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి లేదు. బావురుమంటూ నెత్తురు ఆపడానికి మెడ అదిమిపట్టాడు. అక్కడ గాయమే లేదు. భుజం తడిమాడు. అక్కడా లేదు.

రెండు చోట్లా మచ్చలున్నాయి. పొద్దున దాకా లేని, గట్టిపడిన మచ్చలు... ఎనిమిదేళ్ల కిందటే మానిపోయినట్టున్నవి.