ఏడో వరుస జెల్లలు

తొట్టి గాజుకు అతుక్కున్న జెల్లచేప గుడ్డును చూపుడువేలి కొసతో మెల్లగా దొర్లించి ఊడదీయాలి. గట్టిగా నొక్కితే చితికిపోతుంది. ఎర్నమ్మ పొద్దుటినుంచి అలా అరవై రెండు గుడ్లు తీసి, ఎండు బాదం ఆకు నానిన పళ్లెంలోకి జార్చింది. ఆ ఎర్రటి నీళ్లలో గుడ్లకు బూజు పట్టదు. నిన్న చల్లటి నీళ్లు మార్చినందుకు ఏడో వరుస తల్లిజెల్ల ఇంకా పెడుతూనే ఉంది. పొట్ట కింది రెక్కలను దోసిలిలా మడిచి, రెండేసి గుడ్లు మోసుకొచ్చి, గాజును మూతితో తుడిచి మరీ అంటిస్తోంది.

వేలెడంత లేని ఈ మచ్చజెల్లలే భీమిలి జలసౌధంలో తొమ్మిది వందల ఇళ్లకు సాక్షులు. ఏ కొళాయికి వెళ్లే నీరైనా ముందు ఆ అంతస్తు సాక్షితొట్టిలోంచి పారాలి. నీళ్లలో తేడా ఉంటే జెల్లలు గాలి కోసం పైకి ఎగురుతాయి. తొట్టి మీది యంత్రపు కన్ను ఆ ఎగురులను లెక్కపెడుతుంది. లెక్క హద్దు దాటితే కవాటం దానంతటదే మూసుకుంటుంది. ఆ సాక్షులన్నీ ఎర్నమ్మ ముందుగదిలో పుట్టినవే; ఒక్కో వంశానికి ఒక్కో వరుస సంఖ్య.

జలశాఖ పరిశీలకుడు దాలినాయుడు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చాడు. అతనిదీ ఆ సౌధమే, పద్నాలుగో అంతస్తు.

“అప్పా, ఏడో వరుస ఆపీమన్నారు. గుడ్లు కూడా పారబోసీమన్నారు. ఇకమీదట మూడో వరుసే పెంచాల.”

“ఏటి తప్పు సేసినాయి?”

“ఊరికే ఎగురుతున్నాయి. ఈ నెల పదకొండుసార్లు నీళ్లు ఆగిపోనాయి. నీళ్లు కొలిచే మాపకం సూస్తే శుద్ధమంతాది. జనం మమ్మల్ని తిడతన్నారు.”

ఎర్నమ్మ మూల ఉన్న చిన్న తొట్టిలో వల ముంచి ఒక జెల్లను తీసింది. “ఇది మూడో వరుసది. నిన్న మీ అంతస్తు నుంచే మార్చి తెచ్చినాను. సూడు.”

మీసాలు సగానికి అరిగిపోయి ఉన్నాయి. మొప్పల అంచు పచ్చిపుండులా ఉంది.

“ఒక్కసారి కూడా ఎగరలేదే!” అన్నాడు దాలినాయుడు.

“ఎగరదు. నాలుగు తరాలు నిదానమైనవాటినే ఏరి జత కట్టినాను. మీ శాఖ మెచ్చుకుంటే పొంగిపోనాను. ప్రాణం పోతున్నా కిక్కురుమనని సాక్షిని పుట్టించినాను, నాయుడూ.”

“మరి మాపకం?”

“దానికి ఎతకమని ముప్పై విషాలు నేర్పినారు. ముప్పై ఒకటోది వస్తే దానికేటి తెలుస్తాది? జెల్ల ఆ నీళ్లలో బతకాల.”

దాలినాయుడు శాఖ ఆజ్ఞ ఉన్న పలకను ముందుకు చాపాడు. “నువ్వు వేలిముద్ర ఎయ్యకపోతే పెంపకం ఇంకొకరికి ఇచ్చీస్తారప్పా.”

“ఇచ్చుకోనీ.”

ఆమె ఏడో వరుసలో ఎదిగిన ఇరవై జెల్లలను బకెట్లోకి ఎత్తుకుని లిఫ్టు ఎక్కింది. దాలినాయుడు వెనకే ఎక్కాడు. డాబా మీద తల్లితొట్టి ఉంది. సౌధానికి వెళ్లే ప్రతి బొట్టూ అందులోంచే పోవాలి. శాఖ దానికి మూడో వరుసనే సాక్షిగా పెట్టింది. ఎర్నమ్మ తన తాళంతో ఆ తొట్టి పక్కనే అతికి ఉన్న గాజు సాక్షిగది తెరిచి బకెట్టు వొంపేసింది.

కొత్త జెల్లలు ఒక్క క్షణం ఇసుక మీద కుదురుకున్నాయి. తర్వాత ఒకటి పైకి దూసుకొచ్చి గాలి మింగింది. దాని వెనక ఇంకొకటి. ఆపైన నీరంతా చిటపటలాడింది. పావుగంట తిరక్కుండా ప్రధాన కవాటం ధడాలున మూసుకుంది.

తొమ్మిది వందల ఇళ్లలో కొళాయిలు ఆగిపోయాయి. కాసేపటికి బిందెలు పట్టుకుని జనం డాబా మీదికి వచ్చేశారు.

“ఎవులు ఆపినారు?” అని అరిచిందొక ముసలామె.

“నాను,” అంది ఎర్నమ్మ. గొంతు ఎక్కడా తొణకలేదు. “ఈ నీళ్లు తాగొద్దు. తొట్టి మూత తీసి అడుగు సూడండి. కొత్త పూత ఏసినకాడ్నించే ఇయ్యి ఎగురుతున్నాయి.”

కవాటాన్ని బలవంతాన తెరిచే తాళం దాలినాయుడి దగ్గరుంది. చెవిలోని యంత్రంలో శాఖవారి గొంతు తెరవమంటోంది. అతను తాళం జేబులోంచి తీశాడు. నీళ్లలో ఎగురుతున్న జెల్లలను చూశాడు. మళ్లీ జేబులో పెట్టుకుని, ప్యాంటు మడిచి, మూతకు ఒక పక్క చెయ్యి వేశాడు.

“పట్టండి,” అన్నాడు జనంతో.

అతను తొట్టిలో మిగిలిన మోకాలిలోతు నీళ్లలోకి దిగి అడుగున చెయ్యి పెడితే, కిందటి నెల పూసిన తెల్లపూత అరచేతి వెడల్పు పొరలుగా ఊడి వచ్చింది. వాసన ముక్కుపుటాలు మండించింది.

“కవాటం తెరిచావా?” అని గట్టిగా అడిగింది చెవిలోని గొంతు.

“లేదండి,” అన్నాడు దాలినాయుడు. “జెల్లలు ఎగురుతున్నాయి.”