రెండో పంచె

ఇంటి ముందు ఆటో ఆగగానే శివలీల కుంకుమ గిన్నెతో గుమ్మంలోకి వచ్చింది. పెళ్ళికొడుకు లోవరాజు ముందుగా దిగి, వాళ్ళ నాయనమ్మ చిలకమ్మను చెయ్యి పట్టి దించుతున్నాడు. లోపల పీట మీద కొత్త పంచె, పంచె మీద రెండు వెండి పతకాలు...

పెళ్ళికి ముందు చనిపోయిన పెద్దలకు బట్టలు పెట్టుకోవడం ఆ ఇంటి ఆనవాయితీ. భర్త వీరభద్ర తాత ఉరుకుందప్పకు ఫోటో లేదు. అందుకే ఆయన పతకాలనే పంచె మీద పెట్టి మొక్కుతారు. తెల్లవాళ్ళ పటాలంలో చూపిన సాహసానికి ఇచ్చారని మాత్రమే శివలీలకు తెలుసు. ఎక్కడి సాహసమో నిన్న వీరభద్ర తల్లి పెద్దక్క నోట జారింది. మన్యంలో! తిరగబడిన కొండవాళ్ళను వేటాడినందుకు!

లోవరాజుది ఆ మన్యమే. చిలకమ్మ తాతను ఆ పితూరీలోనే పటాలం కాల్చి చంపిందని కూతురు యామిని ఎప్పుడో చెప్పింది. ఆ పిల్లాడి కోసం యామిని తండ్రితో ఎన్నాళ్ళు మాటలు లేకుండా ఉందో, ఎంత ఏడ్చి ఒప్పించుకుందో తల్లికి తెలుసు. అదంతా ఇప్పుడు ఈ రెండు బిళ్ళల పాలవుతుందా...

"ఈ పొద్దుకు పతకాలు లోపల పెడదాం," అని పొద్దున్నే భర్తను బతిమాలింది.

"తాతను దాసిపెట్టి పెండ్లి చేస్తామా? నువ్వు చెప్తే గదా వాళ్ళకు తెలిసేది," అన్నాడు వీరభద్ర.

ఇప్పుడు చిలకమ్మ లోపలికి వచ్చి నేరుగా పీట ముందే కూర్చుంది.

"ఇవేటి బాబూ?"

"మా తాతవమ్మా. పటాలంలో శానా ధైర్యం చేసినాడని ఇచ్చినారు."

"ఏ ఊళ్ళో?"

వీరభద్ర పంచె అంచు సర్దాడు. "బర్మాలో."

శివలీల గుండె ఒక్కసారి కుదుటపడింది. అంతలోనే పక్కన నిలబడ్డ యామిని ముఖం చూసింది. ఈ అబద్ధాన్ని ఈ పిల్ల ఆ ఇంట్లో జీవితమంతా మోయాలి...

"కాదమ్మా," అంది శివలీల. "మీ మన్యంలోనే."

లోవరాజు తల దించుకున్నాడు. పెద్దక్క గోడ పట్టుకుని లేచి వచ్చింది.

"మా మామ ఇయ్యి ఒక్కనాడూ పెట్టుకోలేదు తల్లీ. బతికినన్నాళ్ళూ పెట్టె అడుగున పడేసినాడు. ఎవరన్నా అడిగితే లేచి పొలానికి పోతాండె. ఫోటో లేదని పీట మీదికి తెచ్చింది మేమే. ఆయన దాసుకున్నదానికి మేము కుంకుమ పెట్టినాం."

చిలకమ్మ ఒక పతకాన్ని తీసుకుని, దాని మీది తెల్లవాళ్ళ రాజు ముఖం చాలాసేపు చూసింది.

"మా తాతకీ ఫోటో లేదు," అంది చివరికి. "శవం కూడా ఇవ్వలేదంట. మా అమ్మ ఏ పండక్కి ఏం పెట్టాలన్నా ఉత్త నేలకే పెట్టేది." పతకాన్ని పెద్దక్క చేతిలో పెట్టింది. "పిల్ల వెంట ఇవి మా గడప తొక్కకూడదు. ఇంకో పంచె ఉందా?"

వీరభద్ర లోపలికి వెళ్ళి, పెళ్ళిలో తను కట్టుకోవాలని కొనుక్కున్న జరీ పంచె తెచ్చి, మొదటిదాని పక్కన తనే పరిచాడు. పెద్దక్క పతకాలను మూటకట్టి పెట్టె అడుగున పెట్టింది. రెండు పంచెల మీదా పూలు మాత్రమే మిగిలాయి.

శివలీల ముందుగా జరీ పంచెకు కుంకుమ పెట్టబోయింది. చిలకమ్మ ఆమె మణికట్టు పట్టుకుంది.

"ముందు మీ ఆయన తాతకే పెట్టమ్మా. మా తాత ఇన్నేళ్ళు ఆగాడు, ఇంకో నిమిషం ఆగుతాడు."