‘పా’ రాసిన ప్లేటు

మధ్యాహ్నం అన్నం తిని వచ్చి గ్లవుజులు తొడుక్కున్నాను. వేలూరులో మా ల్యాబు ఆ వేళకు ఖాళీ. ఏసీ చప్పుడు, స్పిరిట్ వాసన, అంతే.

నెత్తుట్లో న్యాచురల్ కిల్లర్ కణాలుంటాయి, రోగం పట్టిన కణాన్ని చంపేవి. వాటిలో రెండు తెగలు. ఒక్కో తెగకు ఒక్కో రకం రిసెప్టర్లు, చెవుల మాదిరి. ఒంట్లో యాడన్నా ఆపదొస్తే కీమోకైన్ అనే పదార్థం పిలుస్తుంది, వినే చెవి ఉన్న కణం కదులుతుంది. మేము ప్లేటులో సన్న జల్లెడ మీద కణాలు పోసి, కింద ఒక గుంటలో కీమోకైన్, ఇంకో గుంటలో వట్టి ద్రవం పెడతాము. పిలుపు లేని వట్టి గుంటలోకి ఏ తెగా పెద్దగా దిగదు.

ఆ పొద్దు రెండు ప్లేట్లు. గుడియాత్తం నుంచి వచ్చి రక్తమిచ్చిపోయిన మా నాయన పాల్‌రాజ్‌ది ఒకటి, నాదొకటి. లేబుళ్ళు నాతో పనిచేసే లోకనాథ్ అంటించినాడు. ముందు ‘పా’ అని ఉన్నదాన్ని తీసినాను.

రెండు తెగలూ వట్టి గుంటలోకే దిగిపోయి ఉండాయి. పైన ఒక్కటీ లేదు.

ఎకసెక్కానికి ద్రవం మార్చినాడేమోనని పక్క గదిలో ఉన్న లోకనాథ్‌ను అడిగితే మొహం మాడ్చుకున్నాడు. సీసా మూత చూసినాను, సీలు చూసినాను. సరిగ్గానే ఉండాది. అయినా వాని మీద అనుమానం పోలేదు.

మనసాగక నాయనకు ఫోన్ చేసినాను. గుసగుసగా మాట్లాడినాడు.

“నిన్నటి నుంచి పెరట్లో మీ అమ్మ గొంతు ఇనపడతా ఉండాదమ్మా.”

అమ్మ పోయినేడే పోయింది. పొద్దు వాలినాక ఎవరన్నా పేరు పెట్టి పిలిస్తే మూడోసారికి గానీ పలకగూడదని నేర్పిందే ఆమె. పలకొద్దు నాయనా, కాళ్ళు పట్టుకుంటానన్నాను. నాకు మిగిలింది ఆయనొక్కడే.

ఫోన్‌లో సన్నగా “నివేదా...” అని వినబడింది.

“ఇదో, వస్తా ఉండా” అనేసి బస్సెక్కినాను.

పొద్దు గుంకేటప్పటికి ఇల్లు చేరినాను. నాయన గడపలో కూచోని బాగానే ఉండాడు. పట్టుకుని ఏడ్చేసినాను. పలికినావా అనడిగితే, వింతగా చూసినాడు.

“నన్నెక్కడ పిలిచిందమ్మా? నిన్నే పిలస్తా ఉండాది.”

“మరి ఫోన్‌లో నా పేరు పిలిచింది నువ్వే గదా నాయనా?”

“నేను పిలవలేదే.”

అంతలో లోకనాథ్ ఫోన్ చేసినాడు. నీ ప్లేటు తెరిచిపెట్టి పోయినావేమని కసిరినాడు. అది నాయనదన్నాను. వాడు నవ్వి, నేనెప్పుడూ పేరు ముందరి ఇనీషియలే రాస్తాను గదా అన్నాడు. వెంకటేశన్ కొడుకు కాబట్టి మీ నాన్నది ‘వె’. పాల్‌రాజ్ కూతురివి కాబట్టి నీది ‘పా’. ‘వె’ ప్లేటు ఇప్పుడే చూసినానని, దాంట్లో వట్టి గుంటలోకి ఏదీ దిగలేదని, అంతా మామూలుగానే ఉండాదని చెప్పినాడు.

ఫోన్ పెట్టేసినాను. నాయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు... పెరటి తలుపుకు గడియ పెట్టే ఉండాది... దాని సందులోంచి మా ల్యాబు స్పిరిట్ వాసన.

ఈసారి అమ్మ పేరు పెట్టి పిలవలేదు.

“వచ్చినావా?” అనింది.