బల్ల కింద ఏనుగు

టీ గ్లాసులు భళ్ళుమన్న చప్పుడుకి కూతురు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి తల్లి వర్క్‌షాప్ గుమ్మంలో కూలబడి ఉంది. కుడి మణికట్టు ఉండాల్సిన తీరులో లేదు. పక్కనే మూరెడు చెక్క పలక. తండ్రి అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతిని కదలనివ్వకుండా పట్టుకున్నాడు. లోపల బల్ల కింద మెషిన్ అప్పుడే ఆపినట్టుంది, సన్నగా కూతపెడుతూ నెమ్మదిస్తోంది. దాని దగ్గర మాత్రం ఎవరూ లేరు.

"ఎవరే అది ఆన్ చేసింది?" అని తండ్రి అరిచాడు. "నీ మొగుడు ఎక్కడ?"

మొగుడు వీధిలో వ్యాన్ పక్కన చెక్కలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. అరుపులు విని చెక్కలు అక్కడే పడేసి వచ్చాడు. అత్తగారిని అదే వ్యాన్‌లో ఆస్పత్రికి తీసుకెళ్లింది అతనే. ఎముక విరిగిందన్నారు, కట్టు వేశారు.  మెషిన్ ఎవరు నడిపారో చూశావా అని దారిలో కూతురు అడిగితే, "చెక్క వస్తుంటే చెక్కని చూస్తానా, మొహాలు చూస్తానా?" అని కళ్లు మూసుకుంది.

ఆ మెషిన్ ఇంటికొచ్చి నెల కూడా కాలేదు. చెక్క అంచులకి డిజైన్ తీసే రౌటర్ అది. దాన్ని తలకిందులుగా బల్ల కింద బిగిస్తారు, పైకి చెక్కని కోసే బిట్టు ఒక్కటే కనిపిస్తుంది. పాతది చిన్నది. తలుపు పలకలకి వాడే పెద్ద బిట్టు తగిలిస్తే మూలిగేది, చెక్కని మాడ్చేది. అందుకే కూతురు షాపులన్నీ తిరిగింది. ప్రతిచోటా ఒకటే ప్రశ్న. "వేగం తగ్గిస్తే బలం కూడా తగ్గుతుందా?" పెద్ద బిట్టుని నెమ్మదిగా తిప్పాలి, నెమ్మదిగా తిరుగుతూనే గట్టి చెక్కని నమలాలి. లావు కాడ ఉన్న బిట్టు అందులో పట్టాలి. ఎత్తు మార్చడానికి ప్రతిసారీ బల్ల కింద దూరక్కర్లేకుండా పైనుంచే తిప్పుకోవాలి. చివరికి ఇద్దరు మోస్తే గానీ రాని మెషిన్ ఒకటి ఎంచుకుంది.

తండ్రి పేరుమోసిన వడ్రంగి మేస్త్రి. చెక్క మీద పెట్టి నడిపే చేతి రౌటర్‌తోనే జుట్టు నెరిసింది. కొత్త మెషిన్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఏనుగుని తెచ్చావు గదే చిట్టీ. చెక్క కోస్తావా, కొండ కోస్తావా?" అన్నాడు. తర్వాత అందరి ముందూ ఇంకో మాట కూడా అన్నాడు. "ఇది ఇంట్లో ఉన్నన్నాళ్లూ నేను దీని మీద చెయ్యి వెయ్యను."

ఆ రోజు నుంచి బల్ల దగ్గర పని కూతురిదీ, అల్లుడిదీ. అల్లుడు ఆఫీసు ఉద్యోగం మానేసి ఈ పనిలోకి వచ్చినవాడు. అతనికి మేస్త్రి పెట్టిన పేరు కంప్యూటర్‌గారు.

ఆస్పత్రి నుంచి వచ్చి తల్లిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టగానే పంచాయితీ మొదలైంది.

"సాయంత్రానికల్లా ఆ ఏనుగు షాపుకి తిరిగెళ్లాలి" అన్నాడు మేస్త్రి. "లేదంటే వర్క్‌షాప్ తాళం నా మొలలో ఉంటుంది."

"తలుపులు వచ్చే వారం ఇస్తామని ఒప్పుకున్నాం నాన్నా. అది లేకపోతే పని ఎలా అవుతుంది?"

"తలుపులు ముఖ్యమా, మీ అమ్మ చెయ్యి ముఖ్యమా? అంత బలం ఇంట్లో పెట్టుకుంటే ఎప్పుడో ఒకప్పుడు ఇలాగే అవుతుంది. అందులోనూ కంప్యూటర్‌గారి చేతిలో!"

"మావయ్యా, నేను దాన్ని ముట్టుకోలేదు" అన్నాడు అల్లుడు. "వ్యాన్‌లోంచి చెక్కలు దించుతున్నాను."

"ఎవరైనా చూశారా?"

"చెక్కలు చూశాయి."

మామూలు రోజైతే ఆ మాటకి తల్లి నవ్వేది. ఇవాళ కట్టు వైపు చూస్తూ ఉండిపోయింది.

కూతురు మొగుణ్ని పక్కకి లాగింది. "చేస్తే చేశానని చెప్పండి. తప్పు ఎవరైనా చేస్తారు. అబద్ధం మాత్రం వద్దు."

"నువ్వు కూడానా?"

"మరి అది దానంతట అదే ఆన్ అయిందా?"

అతను వీధిలోకి వెళ్లి, పొద్దున పడేసిన చెక్కల్ని ఒక్కొక్కటే ఎత్తి గోడకి ఆనించసాగాడు. ఆ వీపు చూస్తుంటే ఆమెకి జాలేసింది. అయినా నమ్మలేదు. ఇంట్లో ఆ మెషిన్ ముట్టేవాళ్లు ఇద్దరే. తను వంటింట్లో ఉంది. ఇంకెవరు?

తాళం పడేలోపు మెషిన్‌ని ఒకసారి చూద్దామని వర్క్‌షాప్‌లోకి వెళ్లింది. వేగం తిప్పే మీట పెద్ద బిట్టుకి ఎంత ఉండాలో అంతే ఉంది. బిట్టు గట్టిగా బిగించే ఉంది. తెలిసినవాళ్ల పనే. మరి చెక్క ఎందుకు ఎగిరింది?

గుమ్మం దగ్గర పడున్న పలకని తీసుకుంది. డిజైన్ ఒక చివర జానెడు మేర తెగి, అక్కడితో ఆగిపోయింది. పొద్దున ఎలా ఉందో అలాగే బల్ల మీద పెట్టి చూసింది. డిజైన్ వైపు కిందికి, తెగిన అంచు, బిట్టు వెనక చెక్కని ఆనించే అడ్డపట్టీ వైపుకి. అలా పెట్టాలంటే ఒక్కటే దారి, రెండోది లేదు.

తెగిన చివర కుడివైపు వచ్చింది.

ఆమె చెయ్యి పలక మీదే ఆగిపోయింది. బల్ల మీద చెక్కని కుడి నుంచి ఎడమకి తోస్తారు. బిట్టు ఎదురు తిరుగుతుంది కాబట్టి చెక్క అదుపులో ఉంటుంది. అలా తోస్తే ముందు తెగాల్సింది ఎడమ చివర. కుడి చివర తెగిందంటే ఎడమ నుంచి కుడికి తోశారన్నమాట. అప్పుడు బిట్టు చెక్కని చేతిలోంచి లాక్కుని కుడివైపుకే విసురుతుంది. గుమ్మం ఉన్నది కుడివైపే.

తన మొగుడు పుట్టి బుద్ధెరిగాక చేతి రౌటర్ పట్టలేదు. మొదటి రోజు నుంచీ అతనికి తెలిసింది బల్ల ఒక్కటే, కుడి నుంచి ఎడమ ఒక్కటే. చేతి రౌటర్‌ని మాత్రం ఎడమ నుంచి కుడికి నడుపుతారు. దాన్నే తిరగేసి బల్ల కింద బిగిస్తే దిక్కు మారిపోతుంది. ఆ సంగతి బుర్ర గుర్తుపెట్టుకున్నా అలవాటుపడ్డ చెయ్యి మర్చిపోతుంది. కొత్తవాడు చేసే తప్పు కాదిది. బాగా పని వచ్చినవాడు మాత్రమే చేసే తప్పు.

గ్లాసుల చప్పుడుకి తనకంటే ముందు అమ్మ దగ్గరికి చేరింది ఎవరో అప్పుడు గుర్తొచ్చింది. పెరట్లోంచి వచ్చుంటాడనుకుంది. ఎక్కణ్నుంచి వచ్చావని ఎవరూ అడగనే లేదు.

ముందు వీధిలోకి వెళ్లి మొగుడి చేతిలోని చెక్క అందుకుని గోడకి ఆనించింది. "లోపలికి రండి. నాది తప్పు" అంది. అతను ఆమె మొహం చూసి, ఏమీ అడక్కుండా వెనకాలే వచ్చాడు.

"ఏం, తేలిందా?" అన్నాడు మేస్త్రి.

"తేలింది నాన్నా."

"చెప్పు మరి. పేరు పెట్టి చెప్పు. మొగుడని మొహమాటం వద్దు."

ఆమె పలకని తండ్రి ఒళ్లో పెట్టింది. "పొద్దున ఇది ఎలా ఉందో ఆ టీపాయ్ మీద పెట్టి చూపించు."

మేస్త్రి పలకని అటూ ఇటూ తిప్పాడు. వేళ్లు వాటంతట అవే డిజైన్‌ని కిందికి తిప్పాయి, అంచుని అవతలికి జరిపాయి. అరచేయి పలక మీద ఆనింది. ఎడమ నుంచి కుడికి జానెడు దూరం తోసింది. అక్కడ ఆగింది.



"వెన్నలా తీసింది చిట్టీ" అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా. "ఆ జానెడూ వెన్నలా తీసింది. అంత నున్నగా నా జన్మలో తియ్యలేదు. పాతదైతే మూలిగి ఆగిపోయుండేది. ఇది ఆగలేదు."

"నేను చూశాను" అంది తల్లి. "ఆ నోటితో మీరే చెప్తారని పొద్దుట్నుంచీ చూస్తున్నాను. ముట్టనన్న మాట పోతే పోయింది గానీ, ఆ పిల్లాడు ఏం చేశాడండీ?"

"పోనీలెండి మావయ్యా" అన్నాడు అల్లుడు. "నేనే అనుకోండి. ఇప్పుడవన్నీ ఎందుకు?"

"వద్దు బాబూ." మేస్త్రి అతన్ని కంప్యూటర్‌గారూ అనకపోవడం అదే మొదటిసారి. లేచి వెళ్లి భార్య కుర్చీ పక్కన, పొద్దున కూర్చున్నట్టే, మోకాళ్ల మీద కూర్చున్నాడు. కట్టు మీద ఒక చుక్క పడింది. దాన్ని బొటనవేలితో తుడిచి, మొలలోంచి తాళంచెవి తీసి కూతురి వైపు చాపాడు.

"ఏనుగు ఎక్కడికీ వెళ్లదు. రేపు నాకు దగ్గరుండి నేర్పించు, కుడి నుంచి ఎడమకి. కానీ ముందు నేనడిగింది చెప్పు. మీ అమ్మ చెయ్యి విరగ్గొట్టి, ఇతని మీద నెట్టింది ఎవరు? అందరూ వినాలి."

ఆమె తాళంచెవి అందుకుంది. వేడిగా ఉంది. 

"నువ్వే నాన్నా."